చెక్కు మీద ఒక్క సంతకం చాలదా? మంత్రి సీతక్క గారికి బహిరంగ లేఖ

పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, మహిళా శిశు సంక్షేమ శాఖల మంత్రి శ్రీమతి ధనసరి అనసూయ సీతక్క గారికి,

నమస్కారం. పరకాల దగ్గర నాకు కారం, పసుపు గిర్ని ఉంది. రిజిస్ట్రేషన్ నా పేరిటే, నడిపేదీ నేనే. ఈ రెండూ ఒకే మనిషివి కావడం మన దగ్గర ఎంత అరుదో మీకు చెప్పాల్సిన పని లేదు. భార్య పేరిట జీఎస్టీ నంబరు, భర్త చేతిలో గల్లా తాళం. ఇలాంటి దుకాణాలు పరకాల నుంచి వరంగల్ చౌరస్తా దాకా కావలసినన్ని. పంచాయతీల్లోనూ ఇదే తంతు. గెలిచింది ఆమె, ఫ్లెక్సీ మీద పెద్ద ఫొటో ఆయనది.

పేరుకు మాత్రమే యజమానులైనవాళ్ల గురించి కాదు ఈ లేఖ. సొంతంగా వ్యాపారం నిలబెట్టుకుని, ఆ తెలివితో ప్రజా జీవితంలోకి వచ్చిన ఆడవాళ్ల గురించి. వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో చెప్పాలని రాస్తున్నాను. పంచాయతీలూ మహిళా సంక్షేమమూ రెండూ మీ చేతిలోనే ఉన్నాయి గనుక మీకే రాస్తున్నాను.

2024 నవంబరు 19న హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో, మహిళా సంఘాల కోసం పెట్టిన ఇందిరా మహిళాశక్తి పథకం సభ జరిగింది. కోటి మంది మహిళలను కోటీశ్వరులను చేస్తామని ప్రభుత్వం చెబుతోంది. సంఘాలకు పెట్రోలు బంకులు, సోలార్ ప్లాంట్లు, ఆర్టీసీకి అద్దె బస్సులు అంటున్నారు. మంచిదే, నేను వంక పెట్టను. అయితే ఒక సంగతి. బంకు నడిపే మనిషి బంకు దగ్గరే ఆగిపోదు. వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్లో కాంటా దగ్గర నిలబడి, తాలు కాయ కలిపిన బస్తాను చేత్తో తడిమి పట్టుకుని, కమీషను వ్యాపారి అడ్తిదారుతో ధర తేల్చుకున్న ఆడమనిషికి ఊరి పంచాయతీ లెక్క అర్థం కావడం ఎంతసేపు? రోడ్డు బాగాలేక సరుకు ఆగిన రోజున, కరెంటు పోయి గిర్ని పట్టీ ఆగిన రోజున ఆమెకే అనిపిస్తుంది, ఈ కుర్చీలో నేనెందుకు కూర్చోకూడదని.

కూర్చోవడానికి దారి ఉంది. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మనవే. ఆ పైమెట్టు దగ్గరే కథ మారుతుంది. 2023లో మన తెలంగాణ శాసనసభకు 119 స్థానాల్లో గెలిచిన మహిళలు పది మంది. పాత వరంగల్ జిల్లాలోని 12 స్థానాల్లో ములుగు, వరంగల్ తూర్పు, పాలకుర్తి కలిపి మూడు మనవి కావడం మా ప్రాంతానికి గొప్పే. మీరూ కొండా సురేఖ గారూ మంత్రులయ్యారు. కొత్త రాష్ట్రం వచ్చాక 2019 సెప్టెంబరు దాకా మంత్రివర్గంలో ఒక్క మహిళ కూడా లేని కాలంతో పోలిస్తే ఇది ముందడుగే, కాదనను. 2023లో పార్లమెంటు ఆమోదించిన మూడో వంతు రిజర్వేషను మాత్రం జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని చట్టంలోనే రాసుకున్నారు. అమలైన రోజున మన రాష్ట్రంలో దాదాపు 40 మంది కావాలి. వాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? నాయకుల ఇళ్ల నుంచే రావాలా, పంచాయతీలో పని నేర్చుకున్నవాళ్లు రాకూడదా?

మాకు పక్క ఊళ్లో టెంట్‌హౌస్ నడిపే ఆవిడ ఉంది. పెళ్లిళ్ల సీజనులో నాలుగు ఊళ్లకు షామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు పంపేది. లెక్కంటే లెక్కే, ఒక్క గంటె తక్కువ వచ్చినా పట్టుకునేది. 2019 జనవరిలో మహిళా రిజర్వేషను వస్తే సర్పంచ్‌గా నిలబడి గెలిచింది. పంచాయతీ మొదటి చెక్కు దగ్గరే ఆమెకు సంగతి తెలిసివచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సర్పంచ్ ఒక్కరే సంతకం పెడితే చెల్లదు, ఉప సర్పంచ్ సంతకం కూడా కావాలి. ఉప సర్పంచ్‌ను వార్డు సభ్యుల్లోంచి ఎన్నుకుంటారు, ఆ పదవికి రిజర్వేషను లేదు. కాబట్టి రిజర్వేషను రాకపోతే సర్పంచ్ అయ్యేవాడే చాలా ఊళ్లలో ఉప సర్పంచ్ అవుతాడు. ఇక చెక్కుబుక్కు ఎవరి ఇంటి గడప ముందు పడిగాపులు కాయాలో వేరే చెప్పనక్కర్లేదు. తన వ్యాపారంలో బ్యాంకు వాళ్లు కళ్లకద్దుకునే సంతకం, ఊరి వీధిలైట్ల బిల్లు దగ్గర సగం సంతకమైపోయింది.

నిధుల మీద అదుపు ఉండాలి, నిజమే. ఆ అదుపు జవాబుదారీ ఉన్న ఉద్యోగి చేతిలో ఉంచండి. గతంలో కార్యదర్శి ఉండేవాడు. కుర్చీ దక్కని ఆశావహుడి చేతిలో పెట్టడం అదుపు కాదు, ముక్కుతాడు.

చెక్కు సంగతి ఇలా ఉంటే బిల్లుల బాధ ఇంకో రకం. వైకుంఠధామం, అంటే శ్మశానవాటిక కట్టాలి, డంపింగ్ యార్డు కట్టాలి, పల్లె ప్రకృతి వనం పెట్టాలి అన్నారు పైనుంచి. ముందు పని చేయించండి, డబ్బు తర్వాత వస్తుందన్నారు. ఆవిడ చేయించింది. కొత్త కుర్చీలు కొనాల్సిన డబ్బు వైకుంఠధామం గోడల్లోకి పోయింది. చాలకపోతే గాజులు తాకట్టుకు వెళ్లాయి. ఇంజనీరు వచ్చి కొలిచి ఎంబీ (కొలతల పుస్తకం) రాశాడు, బిల్లు ట్రెజరీకి వెళ్లింది, టోకెన్ నంబరు కూడా వచ్చింది. డబ్బు మాత్రం రాలేదు. పదవీకాలం ముగిసి, 2024 ఫిబ్రవరి నుంచి పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలోకి వెళ్లాయి, ఆమె మాజీ అయింది. ఆ టోకెన్ల కాగితాలు ఇప్పటికీ టెంట్‌హౌస్ గల్లాపెట్టెలో బాకీ చీటీల పక్కనే ఉన్నాయి. మాజీ సర్పంచులు రోడ్డెక్కడం, అరెస్టులు కావడం మీరు చూసినవే. పాత ప్రభుత్వం పెట్టిన బాకీ అని ఈ ప్రభుత్వం అనవచ్చు. అప్పిచ్చిన షావుకారుకు ఆ తేడా తెలియదు.

మగ సర్పంచులూ నష్టపోయారు కదా అంటారు. పోయారు. వాళ్లకు మళ్లీ నిలబడే అవకాశం ఉంటుంది. ఆడవాళ్ల సంగతి వేరు. చేతి చమురు వదిలించుకుని వచ్చిన మనిషిని ఇంట్లోవాళ్లు ఇంకోసారి గడప దాటనిస్తారా? "నీకెందుకే ఈ రాజకీయం" అన్న మాటకు ఆమె దగ్గర జవాబు లేకుండా చేసింది ఎవరు? 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల నాటికి ఆ ఊరి స్థానం జనరల్ అయింది. పార్టీ గుర్తులు లేని ఎన్నికలే అయినా మద్దతు ఎవరికివ్వాలో పార్టీలే తేల్చాయి. ఆమెను అడిగినవాళ్లు లేరు.

నేను సరుకు పంపితే కొన్నవాడు 45 రోజుల్లో డబ్బివ్వాలి. లేకపోతే రిజర్వు బ్యాంకు ప్రకటించే రేటుకు మూడు రెట్లు, అదీ చక్రవడ్డీతో కట్టాలి. చిన్న పరిశ్రమల కోసం 2006లో చేసిన చట్టం ఇది. ఒక హోటలు నాకు బాకీ పడితే ఈ మాత్రం రక్షణ ఉంది. ప్రభుత్వమే బాకీ పడిన సర్పంచ్‌కు ఏముంది? ఎంబీ రాసిన రోజు నుంచి 45 రోజులు లెక్కపెట్టండి, దాటితే వడ్డీ కట్టండి. పెండింగు బిల్లుల జాబితా ఊరివారీగా పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించండి. ఎవరికి ఎంత రావాలో ఊరికి తెలిస్తే, తిన్నదెవరో పెట్టిందెవరో కూడా తెలుస్తుంది.

మంత్రిగా కాక పార్టీ నాయకురాలిగా మీకు ఇంకో మాట. ఈమధ్య ఒక పార్టీ పెద్దమనిషి గిర్నికి వచ్చాడు. ఏ పార్టీ అన్నది అనవసరం. తొడిమలు తీస్తున్న కూలీల మధ్యనే కుర్చీ వేసుకుని, టీ తాగుతూ, "అక్కా, మీలాంటివాళ్లు రావాలి" అన్నాడు. నా చదువు అడగలేదు, ఊరికి ఏం చేద్దామనుకుంటున్నానో అడగలేదు. "ఎంతవరకు పెట్టుకోగలరు?" అన్నాడు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం పెట్టిన పరిమితి 40 లక్షలు. ఆ పరిమితి సంగతి ఎత్తితే నవ్వాడు. వ్యాపారం చేసే ఆడమనిషి అంటే పార్టీలకు ఆస్తి కాదు, పర్సు.

వ్యాపారులు రాజకీయాల్లోకి వచ్చేది కాంట్రాక్టుల కోసమేనన్న అనుమానం జనంలో ఉంది. కొందరి విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే నా వరకు చెబుతున్నాను: నిలబడే రోజు వస్తే అంగన్‌వాడీలకు గానీ హాస్టళ్లకు గానీ నా గిర్ని నుంచి పావుకిలో కారం వెళ్లదు, రాసిస్తాను. అయితే క్వారీలున్నవారిని, రైసు మిల్లులున్నవారిని, వెంచర్లు వేసినవారిని కూడా ఇదే ప్రశ్న అడగండి. వాళ్లు టికెట్టు అడిగితే సమర్థులు, మేం అడిగితే ఆశపోతులమా?

మీరు తుపాకీ వదిలి, చదువుకుని, ఓడి, గెలిచి ఇక్కడిదాకా వచ్చారు. కరోనా రోజుల్లో బియ్యం మూటలు మోసుకుంటూ అడవి గూడేలకు నడిచి వెళ్లారు. అందుకే ఈ గోడు వినే ఓపిక మీకుంటుందని నమ్ముతున్నాను. నాలాంటివాళ్లకు ప్రత్యేక పథకాలేవీ వద్దు. చెక్కు నిబంధన సవరించడం, పాత బిల్లులు తీర్చడం మీ శాఖ మొదలుపెట్టాల్సిన పనులే. సవరణ ఏ సమావేశాల్లో తెస్తారో, బాకీలు ఏ నెలలోగా తీరుస్తారో తేదీలతో ప్రకటించండి. వచ్చే మిర్చి సీజనులోపు ఆ ప్రకటన వస్తే, టెంట్‌హౌస్ ఆవిడకు ముందుగా ఫోను చేసేది నేనే.

ఇట్లు
ఒక కారం గిర్ని యజమానురాలు,
పరకాల, హనుమకొండ జిల్లా