ఎంఆర్‌ఐ గదిలోని ఆ అన్నయ్యకు కృతజ్ఞతలు

నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. బాబుకు రైజాటమీ (కాళ్ల బిగువు తగ్గించడానికి వెన్ను దగ్గరి నరాలకు చేసే ఆపరేషన్) తర్వాత తీయాల్సిన మెదడు స్కాన్ ఇవాళ అయిపోయింది. మత్తు ఇవ్వకుండానే!

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతుల కదలిక కష్టమయ్యే సమస్య) ఉన్న పిల్లల తల్లులకు ఈ మాట విలువ తెలుసు. నెలలు నిండకుండా పుట్టడంతో మా వాడి మెదడులో కాళ్లకు వెళ్లే దారులు దెబ్బతిన్నాయి. ఆపరేషన్‌లో కాళ్ల నుంచి వెన్నుకు కబురు చేరవేసే నరాల పోగులను కరెంటుతో పరీక్షించి, అతిగా స్పందించే కొన్నింటిని కోశారు. మెదడును ముట్టుకోలేదు, అక్కడి పాత దెబ్బ మానదు కూడా. కానీ కింది నుంచి వచ్చే గోల తగ్గాక మెదడు కాళ్లను నడిపించే తీరు ఏమైనా మారుతుందా అని పాత స్కాన్‌తో పోల్చి చూస్తారట. కొందరు పిల్లల్లో చేతుల పని, మాట కూడా మెరుగైనట్టు డాక్టర్లు గమనించారు మరి.

కదిలితే స్కాన్ పాడవుతుంది. మా వాడేమో చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతాడు. డ్యూటీ అయిపోయి బ్యాగు తగిలించుకున్న టెక్నీషియన్ గారు వాడి ఏడుపు విని ఆగిపోయారు. వాడి బొమ్మ ఏనుగులో ఇనుప ముక్కేమైనా ఉందేమోనని కుట్టు కుట్టూ తడిమి చూసి, ముందు దాన్ని మెషీన్‌లోకి పంపారు. ‘టక టక టక... ఇప్పుడు గుర్ర్ర్’ అని రాబోయే చప్పుళ్లన్నీ నోటితో చేసి చూపించారు. స్కాన్ నడిచినంతసేపూ వాడి పాదం పట్టుకుని అక్కడే నిలబడ్డారు. ఒకప్పుడు ఆ పాదాన్ని కాస్త పైకి నొక్కితే చాలు, దడదడా కొట్టుకునేది. ఇవాళ ఆయన చేతిలో మెత్తగా ఉంది. అది చూసి అద్దం ఇవతల నేను భోరుమన్నాను. పేరైనా అడగలేదు అన్నయ్యా, క్షమించండి.

మా ఆయనకు, అమ్మకు, అత్తయ్యకు విడిగా చెప్పేదేముంది.

ఒక్క మాట మాత్రం కడుపుమంటతో రాస్తున్నా. బిగువు తగ్గాక కాళ్లలోని అసలు బలహీనత బయటపడుతుంది, నెలల తరబడి ఫిజియో చేయిస్తేనే ఈ ఆపరేషన్‌కు ఫలితం. ఆపరేషన్‌కు ఒప్పుకున్న బీమావాళ్లు ఫిజియో అనేసరికి ‘కవర్ కాదు’ అన్నారు. సగం వైద్యానికి బీమా ఎందుకు?

అయ్యో, మర్చిపోయా! వీపు మెలిపడకుండా బాబును దొర్లించడం నేర్పిన ఆయమ్మకు, ఫోన్ ఛార్జర్ ఇచ్చిన పక్క మంచం పాప వాళ్లమ్మకు (అది నా దగ్గరే ఉండిపోయిందమ్మా, పంపిస్తా), మత్తు డాక్టరు గారికి, లిఫ్ట్ ఆపి ఉంచిన ఆ కుర్రాడికి కూడా చాలా చాలా థాంక్స్.