బహిరంగ లేఖ: పిల్లలు కాని జంటల్లో మొదటి పరీక్ష భర్తకు చేయించండి

రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మొన్న నర్సంపేట వైపు నుంచి ఒక జంట వచ్చింది. ఆమె ఫైలు రెండు చేతులా పట్టుకోవాల్సినంత లావుంది. థైరాయిడ్, స్కానింగులు, గర్భనాళాల (ట్యూబ్) టెస్టు, ఆఖరికి కడుపుకు చిన్న కోత పెట్టి కెమెరాతో చూసే లాప్రోస్కోపీ. భర్త పేరు మీద మాత్రం ఒక్క కాగితం లేదు. పరీక్ష చేస్తే అతని వీర్యంలో కణాలే లేవు. ఆమె కడుపు కోసి చూశాక బయటపడ్డ సంగతి, కొన్ని వందల రూపాయల పరీక్షతో మొదట్లోనే తెలిసేది.

సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. అయినా ఊళ్లో మాటలు పడేది కోడలు. మొక్కులు, ఉపవాసాలు ఆమెవి. రెండో సంబంధం మాత్రం కొడుక్కి చూస్తారు.

వీర్యకణం తయారు కావడానికి 74 రోజుల దాకా పడుతుంది, బయటికి రావడానికి ఇంకో రెండు వారాలు. ఇవాళ మైక్రోస్కోపు కింద కనిపించేది మూడు నెలల కింద ఆ మనిషి ఏం తిన్నాడు, ఏం తాగాడు, ఏ వేడిలో పనిచేశాడు అన్నదాని ఫలితం. వృషణాలు ఒంటికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే ఆ పని సరిగ్గా సాగుతుంది. పొగతాగితే కణాల సంఖ్యే కాదు, లోపలి డీఎన్ఏ కూడా దెబ్బతింటుంది. అలాంటి డీఎన్ఏకూ గర్భస్రావాలకూ సంబంధం ఉందని పరిశోధనలు చూపాయి. గర్భం నిలవకపోతే మనం మళ్లీ ఆమెకే పరీక్షలు రాస్తాం!

పత్తికి, మిర్చికి పురుగుమందు కొట్టే రోజుల్లో పరకాల వైపు వెళ్లి చూడండి. వీపున తైవాన్ పంపు, ముక్కుకు తువ్వాల, చేతులకు ఏమీ ఉండదు. తడిసిన అంగీ పొద్దుగూకేదాకా ఒంటిమీదే. 1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసే కార్మికులు తమకు పిల్లలు పుట్టట్లేదని తామే గమనించి అడిగితేనే అది వీర్యకణాలను చంపుతోందని తేలింది. రెండేళ్లలో అమెరికా దాన్ని దాదాపు పూర్తిగా ఆపేసింది. మన పొలాల్లో కొట్టే మందులు వేరే కావచ్చు. కానీ మన కూలీలను ఆ ప్రశ్న అడిగిన వాళ్లెవరు?

అలవాట్లతో సంబంధం లేని కారణాలూ ఉన్నాయి. కొందరికి మగవాళ్లలో మాత్రమే ఉండే వై క్రోమోజోములో చిన్న ముక్క పుట్టుకతోనే ఉండదు. ఏ ముక్క లేదన్నదాన్ని బట్టి, ఆపరేషన్ చేసినా కణం దొరికే ఆశ ఉందో లేదో ముందే చెప్పవచ్చు. కణం దొరికి, దాన్ని సూదితో అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతిలో కొడుకు పుడితే ఆ లోపం వాడికీ వస్తుంది. ఇది చెప్పకుండానే లక్షలు కట్టించుకునే సెంటర్లున్నాయి. ఈ వై క్రోమోజోము మీద ఏళ్లుగా పనిచేసిన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ మన హైదరాబాదులోనే ఉంది. తండ్రి వయసు పెరిగే ఒక్కో ఏడాదికీ బిడ్డలో సుమారు రెండు కొత్త జన్యుమార్పులు అదనంగా చేరతాయని 2012లో ఐస్‌లాండ్ కుటుంబాల మీద చేసిన పరిశోధన చెప్పింది. చాలావరకు వాటివల్ల హాని ఉండదు, భయపడాల్సిన పని లేదు. అయినా వయసు లెక్క ఆడపిల్లకొక్కదానికే చెప్పడం అన్యాయం.

నేను అడిగేవి మూడు. ప్రతి ఏరియా ఆసుపత్రిలో వీర్య పరీక్ష ఉచితంగా పెట్టించండి. రక్తం శాంపిళ్లలా వ్యానులో జిల్లా ల్యాబ్‌కు (హబ్‌కు) పంపితే ఇది పనికిరాదు, గంటలోపే చూడాలి. అందుకే ఆసుపత్రిలోనే శిక్షణ ఉన్న టెక్నీషియన్, కణాలు లెక్కపెట్టే గాజు పలక (ఛాంబరు), లోపల గడియ ఉన్న ఒక గది కావాలి. ఆ గది లేకనే చాలామంది బాత్రూముల్లోంచి డబ్బా జేబులో దాచుకుని తలొంచుకుని వస్తున్నారు. భర్త రిపోర్టు లేకుండా భార్యకు లాప్రోస్కోపీ రాయొద్దని ప్రభుత్వ డాక్టర్లకు ఉత్తర్వు ఇవ్వండి. ఆశా కార్యకర్తలు ఆడవాళ్లతోనే మాట్లాడగలరు, మగవాళ్లకు చెప్పడానికి మగ ఆరోగ్య కార్యకర్తలను పంపండి. వానాకాలం మందుకొట్టుడు మొదలయ్యేలోపే పంపితే మేలు.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక ల్యాబ్ టెక్నీషియన్