శని వలయాలు చూపించిన పెద్దాయనకు

అయ్యా, ఆ హడావిడిలో మీ పేరు అడగడం మర్చిపోయాను. కొత్త టెలిస్కోప్‌తో గంటసేపు కుస్తీ పట్టి, ఏమీ కనబడక అన్నీ సర్దేసుకోబోతుంటే మీరే దగ్గరికొచ్చారు. లోపం టెలిస్కోప్‌లో లేదు, పైన గురి చూసుకోడానికి ఉండే ఫైండర్ ఒకవైపు, గొట్టం మరోవైపు చూస్తున్నాయన్నారు. ఒక మెరిసే నక్షత్రం మీద రెండింటినీ కలిపారు. నేను పెట్టిన 10 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) తీసేసి 25ది పెట్టారు. ముందు వెడల్పుగా వెతకాలి, దొరికాకే పెద్దది చేసుకోవాలట.

తర్వాత శని. చిన్న పసుపు చుక్క, చుట్టూ ఉంగరం! ఎవరైనా అద్దం మీద బొమ్మ అంటించారేమోనని గొట్టం ముందుకెళ్లి చూశాను. మీరు నవ్వారు. 1610లో గెలీలియోకే అవి వలయాలని తెలియలేదని, శనికి అటూ ఇటూ రెండు గోళాలున్నాయనుకున్నాడని చెప్పారు.

ఆండ్రోమెడా గెలాక్సీ మాత్రం, నిజం చెప్పాలంటే, ఉత్త మసక మరక. సూటిగా చూస్తే అదీ మాయం. కాస్త పక్కకు చూడమన్నారు. కనిపించింది. ఆ వెలుగు బయలుదేరి సుమారు 25 లక్షల ఏళ్లయిందని మీరన్నాక చాలాసేపు ఐపీస్ వదల్లేదు. వెనక మీరు చూడ్డానికి నిలబడి ఉన్నారని గమనించనే లేదు, క్షమించండి.

నా ఫోన్ వెలుగు మీ కళ్లలో రెండుసార్లు కొట్టినా కసరలేదు. చీకటికి అలవాటుపడ్డ కళ్లు చెదరకుండా ఇప్పుడు టార్చికి ఎర్ర కాగితం చుట్టుకున్నాను. ఇది మీ కంటపడితే, చాలా థాంక్సండీ.