కట్లు కట్టే అన్నకు, ఇంకా అందరికీ

నిన్న సాయంత్రం షో ఓపెన్ అయింది. 19 బొమ్మలూ నిలబడ్డాయి. మూడు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే క్షమించండి, కానీ ఇది ఇవాళే రాయాలి.

నేను మనుషుల ఒంటి మీద అచ్చు తీసి బొమ్మలు చేస్తానని చాలామందికి తెలుసు. చెన్నై ఎగ్మోర్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ నుంచి బయటికొచ్చినప్పటి నుంచీ ఇదే పని. ఈసారి ముఖ్యమైన బొమ్మ, మెరీనా రోడ్డు ఊడ్చే ఒక అక్కది. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన శ్రామికుల విగ్రహం ముందు రోజూ చీపురు పట్టే మనిషి. "బండ తోసేది నలుగురూ మగాళ్లేగా అమ్మా" అని ఆవిడ అన్న ఒక్క మాట నుంచి పుట్టింది ఈ బొమ్మ. షోకి ఆరు రోజుల ముందు షెడ్డు రేకు కారి, ఇంకా ఆరని నడుము భాగం నాని, ఎత్తబోతే రెండు ముక్కలైంది. ఆల్జినేట్ అని ఒంటికి పూసే మెత్తటి పేస్టుతో తీసే అచ్చు ఒక్కసారికే పనికొస్తుంది, మళ్లీ ఆవిడ ఒంటి మీద మొదట్నుంచీ తీయాల్సిందే. నా అసిస్టెంటుకేమో డెంగ్యూ.

ప్లాస్టర్ బ్యాండేజీల కోసం సర్జికల్ షాపుకెళ్లి 80 రోల్స్ అడిగితే, పక్కన నిలబడ్డ పెద్దాయన "ఎంతమందికమ్మా కాళ్లు విరిగాయి?" అన్నారు. అంతే, అక్కడే ఏడ్చేశాను. ఆయన ఒక ఆస్పత్రిలో 30 ఏళ్లుగా కట్లు కట్టే మనిషి, వ్యాసర్పాడిలో పుట్టిన తెలుగాయన. పేరు రాయొద్దన్నారు. డ్యూటీ అయ్యాక రెండు బస్సులు మారి షెడ్డుకొచ్చారు, రెండు రోజులూ.

ఆల్జినేట్ గట్టిపడటానికి కొద్ది నిమిషాలే, అది చెదరకుండా పైన బ్యాండేజీ పొరలు వేయాలి. నేను ఇన్నేళ్లూ అచ్చునే చూస్తూ పనిచేశానని ఆయన పక్కన నిలబడ్డాకే తెలిసింది. ఆయన మనిషిని చూస్తారు. "మోకాళ్లు బిగబట్టకు తల్లీ, కళ్లు తిరుగుతాయి" అని నిమిషానికోసారి పలకరిస్తూ, వెనకాల స్టూలు పెట్టి, పొర మందమైతే వేడెక్కి ఒళ్లు కాలుతుందని అరచేత్తో తాకి చూసుకుంటూ కట్టారు. అచ్చు ఊడదీశాక నేను పగుళ్లు వెతుక్కుంటున్నాను. వెనక్కి తిరిగితే ఆయన గోరువెచ్చటి నీళ్లతో ఆ అక్క పాదాలకంటిన సున్నం కడుగుతున్నారు. ఆవిడ వద్దు వద్దంటుంటే, "కట్టు విప్పినాక కడగడం మా అలవాటమ్మా" అన్నారు. డబ్బులిస్తే తీసుకోలేదు. నాకింకా ఆ బకెట్టే కళ్ల ముందుంది.

ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. గ్రాంటు రెండో విడత షో ముందే రావాలి, ఇంకా రాలేదు. నాలుగు గంటలు కదలకుండా నిలబడ్డ మోడల్ కూలికి జీఎస్టీ బిల్లు తెమ్మంటారు, రోడ్డు ఊడ్చే అక్క ఎక్కడి నుంచి తెస్తుంది? గ్రాంటు కమిటీలో ఒకాయన "అచ్చు తీస్తే శిల్పం ఎలా అవుతుంది" అని అడిగాడు. 1877లో ఫ్రెంచి శిల్పి రోడిన్‌ను కూడా బతికున్న మనిషి మీద అచ్చు తీశాడని నిందించారు. ఆయన తీయలేదు, నేను తీస్తాను. ఏ క్షణంలో ఊపిరి బిగబట్టమనాలి, బరువు ఏ కాలి మీద ఉండాలి, ఊడదీశాక ఏది ఉంచి ఏది చెక్కేయాలి, ఇదంతా అచ్చు చేసిపెడుతుందా?

మా ఆయనకీ అమ్మకీ వేరే చెప్పక్కర్లేదు, పిల్లల్ని వాళ్లే చూసుకున్నారు. ఆ అక్కకు రెండోసారి నిలబడినందుకు దండం.

అయ్యో, రాత్రి రెండింటికి గేటు తీసిన వాచ్‌మన్ తాత, బొమ్మల్ని దుప్పట్లలో చుట్టి తెచ్చిన కుట్టి యానై (చిన్న ట్రక్కు) డ్రైవరు తమ్ముడు. సగం డబ్బుకే 80 రోల్స్ ఇచ్చిన షాపు అబ్బాయి కూడా, మిగతాది సోమవారం ఇస్తాను బాబూ.

అన్నా, ఆదివారం వస్తానన్నారు. గేటు దగ్గర నా పేరు చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.