చర్చి పోయినా ఫలకం ఉండొచ్చు

సంపాదకులకు,

స్కాట్లాండ్‌లో అమ్ముడవుతున్న చర్చిల గురించి రాశారు గానీ, వాటి లోపలి మొదటి ప్రపంచ యుద్ధ స్మారకాల, పేర్ల ఫలకాల ఊసెత్తలేదు. 1929లో యునైటెడ్ ఫ్రీ చర్చి అనే ప్రొటెస్టెంట్ శాఖలో అత్యధిక భాగం చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్‌లో కలిసింది. ఆ తర్వాత చిన్న ఊళ్లలో పక్కపక్క చర్చి సంఘాలు ఒకటవుతూ వచ్చాయి, ఫలకాలు చోటు మారాయి. అందుకే ఫలకం వెతికేవారు ముందు ఏ సంఘం ఎందులో కలిసిందో తేల్చుకుని, మిగిలిన చర్చిలో వెస్ట్రీ (పాదిరి గది), మెట్ల కింద, హాలు వెనక గది చూడాలి. ఎడిన్‌బరోలోని నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్ అనే పత్రాగారంలో చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ కిర్క్ సెషన్ (స్థానిక చర్చి పెద్దల సభ) మినిట్స్ సీహెచ్2 అనే వర్గ సంఖ్య కింద, ఫ్రీ చర్చిలవి సీహెచ్3 కింద ఉంటాయి. 1919 నుంచి నాలుగైదేళ్ల పుటలు తిప్పాలి. ఆవిష్కరణ తేదీ దొరికిందా, ఆ వారం స్థానిక పత్రికలో పేర్లు దొరకొచ్చు. ఫలకం కోసమే చూస్తే కమ్యూనియన్ బల్ల, ఆర్గన్, రంగుటద్దాల కిటికీ రూపంలో ఉన్న స్మారకం కంటపడదు. ఇంకొకటి: 'రోల్ ఆఫ్ ఆనర్' (యుద్ధానికి వెళ్లినవారి గౌరవ పట్టిక)లో తరచూ బతికి వచ్చినవారి పేర్లూ ఉంటాయి. అందరినీ అమరుల్లో కలిపేయకూడదు.

– ఒక పాఠకుడు