నీ మినీకి పన్నెండు అంగుళాలు చాలు

చిన్నా,

నీ పాత మినీ కారుకి పెద్ద చక్రాలు వేయించాలనుకుంటున్నానని రాశావు. వేయించుకో, కానీ పన్నెండు అంగుళాల దగ్గర ఆగిపో. పదమూడు అంగుళాలవి చూడటానికి ఎంత బాగున్నా నీ మినీ 1000కి వద్దు.

1959లో మార్కెట్‌లోకి వచ్చిన ఈ కారుని డిజైనర్ ఇసిగోనిస్ గీసినప్పుడు చక్రాన్ని పది అంగుళాలకు కుదించాడు కాబట్టే పదడుగుల కారులో నలుగురికి చోటు దొరికింది. డన్‌లప్ వాళ్లు దీనికోసమే 5.20-10 టైరు చేశారు. తర్వాత 1974లో 1275 జీటీ అనే మినీ మోడల్‌కి, 1984లో మినీలన్నిటికీ కంపెనీయే పన్నెండు అంగుళాల చక్రాలు వేసింది. అది అందం కోసం కాదు, 8.4 అంగుళాల ముందు డిస్క్ బ్రేకులు లోపల పట్టాలని. అంటే పన్నెండు ఈ కారుకి కొత్త కాదు.

ఇప్పుడు లెక్క చూడు. నీకున్న 145/80ఆర్10 టైరు (145 మి.మీ. వెడల్పు, అందులో 80 శాతం పక్కగోడ ఎత్తు, పది అంగుళాల చక్రం) మొత్తం ఎత్తు సుమారు 486 మిల్లీమీటర్లు. 165/60ఆర్12 అయితే 503. 175/50ఆర్13 అయితే 505. పన్నెండు నుంచి పదమూడుకి వెళ్తే ఎత్తులో వచ్చే తేడా రెండు మిల్లీమీటర్లే. పెరిగేది బరువు, వెడల్పు. తగ్గేది టైరు పక్కగోడ: పదికి 116 మి.మీ., పన్నెండుకి 99, పదమూడుకి 87. మినీకి స్ప్రింగుల బదులు రబ్బరు కోన్లు ఉంటాయి, అవి కదిలేదే తక్కువ. గతుకుని మింగే పనిలో టైరు గోడ వంతు కూడా ఎక్కువే. ఆ గోడ తగ్గిస్తే దెబ్బ నేరుగా వీల్ బేరింగులకీ, బాల్ జాయింట్లకీ, నీ నడుముకీ తగులుతుంది. పైగా పదమూడు వేస్తే మడ్‌గార్డ్ అంచుకి వెడల్పాటి ఆర్చ్‌లు బిగించాలి, మడ్‌గార్డ్ లోపలి రేకు అంచులు కోయాలి. యాభై ఏళ్ల నాటి రేకు, ఒకసారి కోస్తే తుప్పుకి దారి ఇచ్చినట్టే. నీ చేత ఆ పని చేయించడం నాకిష్టం లేదు.

కొనేముందు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది బోల్టుల వలయం. మినీకి నాలుగు స్టడ్‌లు (చక్రాన్ని పట్టి ఉంచే, హబ్‌కి ఉన్న మరల కడ్డీలు), వాటి మధ్యల మీదుగా గీసిన వలయం వ్యాసం నాలుగు అంగుళాలు, అంటే 101.6 మి.మీ. ఈ కాలం చిన్న కార్ల చక్రాలు చాలావాటికి అది 100. చక్రం రంధ్రాల్లో కాస్త వదులు ఉంటుంది కాబట్టి 100ది కూడా స్టడ్‌ల మీదికి ఎక్కేస్తుంది, నట్లు కూడా బిగుస్తాయి. పాత చక్రాలు అమ్మేవాళ్లు ఎక్కించి చూపించి మరీ అమ్ముతారు. కానీ ఒక్కో స్టడ్ దగ్గర 0.8 మి.మీ. తేడా ఉంటుంది. నట్టు కోను చుట్టూ సమానంగా కూర్చోదు, ఒక పక్కే ఆనుతుంది, స్టడ్ వంగి బిగుస్తుంది. నడుస్తున్నకొద్దీ నట్టు వదులవుతుంది, లేదా స్టడ్ అలసిపోయి పుటుక్కున తెగుతుంది. చక్రం వెనక అచ్చులో 4×101.6 అని ఉంటేనే డబ్బివ్వు.

నట్లు కూడా చక్రంతో పాటే తీసుకో. అల్లాయ్ చక్రాల్లో కొన్నిటికి కోను నట్లు, కొన్నిటికి వాషరుతో కూడిన పొడవాటి నట్లు ఉంటాయి. ఒకదాని నట్టు ఇంకోదానికి వాడకూడదు. నీ స్టడ్‌లు మూడెనిమిదో వంతు అంగుళం యూఎన్ఎఫ్ (సన్న మర కొలత), అంగుళానికి 24 మరలు. నట్టు కనీసం తొమ్మిది పూర్తి చుట్లు తిరిగాకే బిగుసుకోవాలి. అంతకన్నా తక్కువైతే పొడుగు స్టడ్‌లు వేయించాలి. చక్రానికీ హబ్‌కీ మధ్య స్పేసరు బిళ్ల పెడితే ముందుగా పోయేవి ఆ చుట్లే.

తర్వాత ఆఫ్‌సెట్, అంటే చక్రం హబ్ మీద ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందనేది. పాత చక్రం విప్పి వెనకవైపు పైకి ఉండేలా నేలమీద పెట్టు. రిమ్ అంచు మీద అడ్డంగా తిన్నటి బద్ద పెట్టి, అక్కణ్ణుంచి హబ్‌కి ఆనే ముఖం దాకా లోతు కొలువు. కొత్తదానికీ అలాగే కొలువు. నీ రిమ్ మూడున్నర అంగుళాలు, కొత్తది ఐదు, అంటే 38 మి.మీ. అదనపు వెడల్పు. ఆ లోతు ఎంత పెరిగితే అంత లోపలికి, మిగతాది బయటికి పోతుంది. లోపలికి ఎక్కువైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు టైరు సస్పెన్షన్‌లోని టై బార్ కడ్డీకి రాసుకుంటుంది. బయటికి ఎక్కువైతే మడ్‌గార్డ్ దాటి వస్తుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, గుంట తగిలితే చేతిలో గుంజుతుంది. కొద్దిగా బయటికి వస్తే సన్నటి ప్లాస్టిక్ ఆర్చ్‌లు సరిపోతాయి.

వీటన్నిటికన్నా ముందు రబ్బరు కోన్లు చూడు. పాతవైతే కుంగిపోయి ఉంటాయి, కారు కిందికి దిగి ఉంటుంది, ఏ చక్రం వేసినా రాసుకుంటుంది. కొత్త కోన్లు వేస్తే మొదట కారు ఎత్తుగా నిలిచి కొన్ని వారాల్లో దిగుతుంది. దిగాకే కొలతలు తియ్యి.

బిగించే రోజు హబ్ ముఖాన్ని వైరు బ్రష్‌తో తుప్పు పోయేదాకా రుద్దు. మరలకీ నట్టు కోనుకీ గ్రీజు పెట్టకు, బిగువు లెక్క తప్పుతుంది. ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, చివర్లో టార్క్ రెంచ్ వాడు. దాదాపు 60 న్యూటన్ మీటర్లు, కచ్చితమైన అంకె నీ కారు మాన్యువల్లో ఉంటుంది. పానా మీద కాలు వేసి తొక్కొద్దు, ఆ స్టడ్‌లు సన్నటివి. యాభై మైళ్లు తిరిగాక మళ్లీ బిగువు చూడు, కొత్త అల్లాయ్ సర్దుకుంటుంది. గాలి 28 పీఎస్‌ఐతో మొదలుపెట్టు.

టైరు అంచుల మీద సుద్ద రాసి, వెనక ఇద్దరు స్నేహితుల్ని కూర్చోబెట్టి, స్పీడ్ బ్రేకర్ మీదుగా మెల్లగా పోనివ్వు. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడు. సుద్ద ఎక్కడ చెరిగితే అక్కడ రాసుకుంటోంది. ముందు చక్రాలు 1.6 మి.మీ. బయటికి, వెనకవి 3.2 మి.మీ. లోపలికి తిరిగి ఉండేలా అలైన్‌మెంట్ పెట్టించు. వెడల్పు టైరు అక్కడి తప్పుని వెంటనే చూపిస్తుంది.

నీ కారుకి ముందు డ్రమ్ బ్రేకులే కాబట్టి ఎప్పుడో 8.4 డిస్కులు వేయించాలనిపిస్తుంది, మంచిదే. అప్పుడు బ్యాలెన్స్ కోసం రిమ్ లోపల అంటించిన చిన్న బరువులు బ్రేకు కాలిపర్‌కి తగులుతాయేమో చేత్తో తిప్పి చూడు. పది అంగుళాల స్పేర్ కూడా అప్పుడు ముందు చక్రాల చోట ఎక్కదు, ఐదో చక్రం ఇప్పుడే కొనుక్కో.

స్పీడోమీటరు 60 మైళ్లు చూపిస్తే అసలు 62 ఉంటుందని గుర్తుంచుకో, కెమెరాలు నీ ముల్లుని చూడవు. ఇన్సూరెన్స్ వాళ్లకి ఈ మార్పు రాతపూర్వకంగా తెలియజెయ్యి. నలభై ఏళ్లు దాటిన కారు కాబట్టి బ్రిటన్‌లో ఏటా చేయించే ఎంఓటీ అనే బండి పరీక్ష తప్పనిసరి కాదు, అయినా మంచి గ్యారేజీలో ఒకసారి చేయించుకో, నాకోసం.

చక్రాల వెనక అచ్చులో ఉన్న అంకెలు ఫొటో తీసి పంపు. నేను చూసేదాకా అడ్వాన్సు ఇవ్వకు నాన్నా.

అమ్మ