గాస్లింగ్ పోయాక మిగిలిన గంటన్నర

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. వెంటనే రాద్దామనే కూర్చున్నాను. కానీ 'ది ప్లేస్ బియాండ్ ద పైన్స్' అనే ఆ హాలీవుడ్ సినిమా గురించి, అందులో మొదటి హీరో ర్యాన్ గాస్లింగ్ గురించి నువ్వు రాసిన నాలుగు ముక్కలు చదివాక ఒళ్లు మండింది. ముందు ఆ సినిమా ఇంకోసారి చూసి, తర్వాత నీ పని పడదామని ఆగాను. "గాస్లింగ్ పోయాక సినిమా కూడా పోయింది, మిగతాదంతా సోది" అంటావా! ఉండేదేమో అమెరికాలో, ఆల్బనీలో. ఆ సినిమా తీసిన స్కెనెక్టడీ నీకు కూతవేటు దూరం. పక్క ఊరివాడివి, ఆ మాత్రం అభిమానమైనా ఉండక్కర్లా?

సరే, నీకు ఊరట కలిగించే మాట ముందే చెప్పేస్తాను. అలా అన్నది నువ్వొక్కడివే కాదు. ఈ సినిమా 2012 సెప్టెంబరులో టొరంటో చిత్రోత్సవంలో మొదటిసారి వేశారు, 2013 మార్చి ఆఖర్లో అమెరికా థియేటర్లకు వచ్చింది. మెచ్చుకున్న విమర్శకులే ఎక్కువ. ఆ ఏడాది మంచి ఇండిపెండెంట్ సినిమాల్లో ఒకటిగా నేషనల్ బోర్డ్ ఆఫ్ రివ్యూ అనే అమెరికా సంస్థ కూడా ఎంచింది. కానీ మెచ్చుకున్నవాళ్ల సమీక్షలు తిరగేసినా అదే వరస. గాస్లింగ్ దొంగతనాల మొదటి భాగం అదిరింది, వాణ్ణి చంపిన పోలీసు బ్రాడ్లీ కూపర్ మీద నడిచే రెండోది సరే, వాళ్ల కొడుకుల మూడోది చతికిలబడింది. ఆ కొడుకులిద్దరూ సరిగ్గా ఒకే బడిలో ఎదురుపడటం మరీ కల్పనగా ఉంది. దర్శకుడు డెరెక్ సియాన్‌ఫ్రాన్స్‌కి ఆశ ఎక్కువ, అందినంత అందుకున్నాడు, మిగతాది చెయ్యి జారింది. ఇంచుమించు ఇదీ తీర్పు.

మొదటి భాగం గొప్పదని నేనూ ఒప్పుకుంటాను. ఆ మొదటి షాట్ ఉంది చూడు. గాస్లింగ్ తిరునాళ్లలో బండి విన్యాసాలు చేసేవాడు. ఒంటి నిండా పచ్చబొట్లు, చేతిలో టకటకా తిరిగే కత్తి. చొక్కా తగిలించుకుని బయటికొస్తాడు. కెమెరా వాడి వీపునే పట్టుకుని తిరునాళ్ల దీపాల మధ్యనుంచి, జనంలోంచి, డేరాలోకి నడుస్తుంది. ఎక్కడా కట్ లేదు. బండెక్కి, ఇంకో ఇద్దరితో కలిసి ఇనుప గోళంలోకి దూరేదాకా మనల్ని వదలదు. నుమాయిష్‌లో మనిద్దరం మౌత్ కా కువా చూసి, నువ్వు ఆ పెట్రోలు వాసనకి తల తిరిగి మెట్ల మీద కూలబడ్డావే, అదే గుర్తొచ్చింది. అక్కడ చెక్క బావి, ఇక్కడ ఇనుప ఉండ. గుండె గొంతులోకి రావడం మాత్రం ఒకటే.

అసలు సంగతి ఇక్కడుంది. ఈసారి మావాడిని కూడా కూర్చోబెట్టాను. పదహారేళ్లొచ్చాయిగా, నాతో సినిమా చూడటం వాడికి శిక్షే. గాస్లింగ్ బ్యాంకులు దోచినంతసేపూ రెప్ప వెయ్యలేదు. సరిగ్గా బ్రాడ్లీ కూపర్ తుపాకీ పట్టుకుని ఆ ఇంట్లోకి దూరేముందు లేచి వంటింట్లోకి పోయాడు. మాగీ చేసుకుని గిన్నెతో తిరిగొచ్చి, "నాన్నా, హీరో ఏడీ?" అన్నాడు.

"చచ్చిపోయాడు."

"మరి సినిమా?"

"ఇంకో గంటన్నర ఉంది."

వాడు నన్నూ టీవీనీ మార్చి మార్చి చూశాడు, నేనేదో మోసం చేసినట్టు. ఒరేయ్, ఆ చూపులోనే ఉందిరా అమెరికా విమర్శకుల గోల మొత్తం. రెండు గంటల ఇరవై నిమిషాల సినిమాలో స్టారుని గంట తిరక్కుండా చంపేస్తే ఎవడికైనా ఆ చూపే వస్తుంది. 1960లో 'సైకో'లో హిచ్‌కాక్ చేసింది అదే కదా అని కొందరు గుర్తు చేశారు. నాకు మాత్రం హిచ్‌కాక్ కాదు, మన రామారావు గుర్తొచ్చాడు.

నవ్వకు. తండ్రి ఒక రకంగా బతికి, ఆ లెక్క కొడుకు తీర్చుకునే కథ మనకి పాలబువ్వ. యాదృచ్ఛికంగా ఒకే కాలేజీలో తగలడం కూడా మనకి అభ్యంతరం కాదు, తగలకపోతే గొడవ చేస్తాం. కానీ మన సినిమా ఒక తెలివైన పని చేస్తుంది. తండ్రీ ఆయనే, కొడుకూ ఆయనే. 1981లో 'కొండవీటి సింహం'లో ఎన్టీఆర్ ఎస్పీగా కనబడ్డాడు, ఆ ఎస్పీ కొడుకుగానూ ఆయనే కనబడ్డాడు. ఇలాంటి కథల్లో తండ్రి పోయినా మన స్టారు మనకి మిగిలే ఉంటాడు. మీసం తీసేసి, రంగు చొక్కా వేసుకుని పాటతో దిగుతాడు. మనకి లోటు తెలియదు.

సియాన్‌ఫ్రాన్స్ ఆ సౌకర్యం ఇవ్వలేదు. పదిహేనేళ్ల తర్వాత గాస్లింగ్ కొడుకుగా వచ్చేది డేన్ డెహాన్. బక్కపలచని కుర్రాడు, కళ్లకింద నలుపు, తండ్రి పోలిక బొత్తిగా లేదు. వాడి దగ్గర బండి కూడా లేదు, సైకిలు. పైన్ చెట్ల మధ్య తండ్రి మోటార్ సైకిల్ మీద దూసుకుపోయిన దారిలోనే వీడు సైకిలు తొక్కుకుంటూ పోతుంటే, మనకి గాస్లింగ్ లేని లోటు తెలుస్తుంది. వాడికి ఊహ తెలిసినప్పటినుంచీ ఉన్న లోటు అదే కదరా! నువ్వు "గాస్లింగ్ పోయాక బోసిపోయింది" అన్నావు చూడు, దాన్ని నువ్వు లోపంగా లెక్కేశావు, నేను దానికే మార్కులు వేశాను. అంతే తేడా.

అలాగని అన్నీ వెనకేసుకురాను. కూపర్ కొడుకు ఏజే ఉన్నాడే, వాడు నాకూ మింగుడుపడలేదు. తాత జడ్జి, తండ్రి రాష్ట్ర అటార్నీ జనరల్ పదవికి పోటీలో ఉన్నాడు, వీడేమో మెడలో గొలుసుతో, నోట్లో ఏ పేటదో తెలియని యాసతో. ఎక్కడ నేర్చాడో ఒక్క సీనైనా చెప్పొద్దూ? విమర్శకులు ఇక్కడ మొట్టికాయ వేశారు, వెయ్యాల్సిందే. రే లియోటా వేసిన అవినీతి పోలీసు, వాడి ముఠా లంచాల వ్యవహారం కూడా ఇంతకుముందు చూసిన సరుకే. వాళ్లు గాస్లింగ్ పసివాడి ఉయ్యాల మంచంలోంచి, వాడు దోచిన డబ్బు తీసే సీను మాత్రం కడుపులో తిప్పింది.

డబ్బు లెక్కల సంగతి అడిగావు. కోటిన్నర డాలర్లతో తీశారు, ప్రపంచం మొత్తం మీద నాలుగున్నర కోట్లు దాటింది. మునిగిపోలేదు.

ఇంకొకటి. గాస్లింగ్ పిల్లాడి తల్లితో కలిసి ఉండే మనిషి కోఫీ. నేను చదివిన సమీక్షల్లో చాలావాటిలో ఆయన పేరు ఒక్క వాక్యంలో తేలిపోయింది. ఆ వేషం వేసింది మహెర్షలా అలీ, తర్వాత రెండు ఆస్కార్లు కొట్టాడే, ఆయనే. అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియడు. గాస్లింగ్ పిల్లాడికి మంచం తెచ్చి, కోఫీ ఇంట్లోనే కూర్చుని బిగిస్తాడు. ఇది నా ఇల్లు, వెళ్లమని ఆయన అంటే రెంచితో తల పగలగొడతాడు. ఆ దెబ్బ తిన్న మనిషే పదిహేనేళ్లు ఆ పిల్లాడిని పెంచాడు. వాడు పెద్దవాడై నా తండ్రి పేరేంటని అడిగితే, చివరికి ఆ పేరు చెప్పిందీ ఆయనే. తన తల పగలగొట్టినవాడి పేరు! అందరూ తండ్రులూ కొడుకుల సినిమా అని పేజీలు నింపారు గానీ, రోజూ ఇంటికొచ్చి అన్నం పెట్టిన తండ్రిని వదిలేశారు. సినిమా కూడా ఆయనకి ఇంకో రెండు సీన్లు ఇవ్వాల్సింది, నా కోపం అక్కడ. మావాడు మాగీ గిన్నె కింద పెట్టి, "ఈయన బాగున్నాడు" అన్నాడు. సినిమా మొత్తానికి వాడన్న మంచిమాట అదొక్కటే.

ఐస్‌క్రీమ్ తిన్న రోజు ముగ్గురూ తీయించుకున్న ఫొటో నీకు గుర్తుందా? గాస్లింగ్, పిల్లాడి తల్లిగా వేసిన ఈవా మెండెస్, చంకలో పిల్లాడు. గాస్లింగ్‌ని చంపిన కూపరే ఆ ఫొటోని ఇన్నేళ్లూ పర్సులో పెట్టుకు తిరిగాడు. అడవిలో కూపర్ మోకాళ్ల మీద పడి ఏడుస్తుంటే, గాస్లింగ్ కొడుకు తుపాకీ పేల్చడు, పర్సు తీసుకుంటాడు. మన సినిమా అయితే హాల్లో కుర్చీలు విరిగేవి. సోది అన్నావు కాబట్టి అడుగుతున్నా, ఆ పర్సు తెరిచినప్పుడు నువ్వు నిద్రపోతున్నావా?

ఒక పని చెయ్యి. స్కెనెక్టడీ అన్న పేరు అక్కడి ఆదివాసులైన మోహాక్‌ల మాటలోంచి వచ్చిందట, పైన్ చెట్ల అవతలి చోటు అని అర్థం. ఈ ఆదివారం నీ కొడుకుని కారెక్కించుకుని ఆ వైపు వెళ్లిరా. పైన్లు ఇంకా ఉంటే ఒక ఫొటో పంపు. తిరిగొచ్చి మొదటినుంచీ చూడండి, మధ్యలో వాడిని లేవనివ్వకు.

చెల్లెమ్మకి చెప్పు, కందిపొడి పంపించాను, ఈసారి వెల్లుల్లి వెయ్యలేదు.

నీ
మూర్తి